మూడు విజిళ్ళ వకాల్తా

పోయిన శనివారం ఇండియన్ స్టోర్‌కి కుక్కర్ గాస్కెట్ కోసం వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన నా చేతిలోది చూసి, "మూడు లీటర్లదా అండీ? ఈ సైజు ఇప్పుడెవరూ అడగట్లేదు. ఇదివరకు ఒక పెద్దావిడ వచ్చేది. చీర మీద స్వెటరు, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు. ఏడాదికి నాలుగు గాస్కెట్లు పట్టుకెళ్ళేది. ఆవిడ కోసమే తెప్పించేవాణ్ణి. ఈమధ్య కనపడట్లేదు" అన్నాడు.

"పోయి ఏడాది దాటిందండీ" అన్నాను.

"అయ్యో" అని, సామాను స్కాన్ చేస్తూ, "ఒక్క మనిషికి అన్ని గాస్కెట్లు దేనికండీ? ఏం చేసేది?" అన్నాడు.

"చట్టం చేయించింది" అన్నాను.

ఆయన నావైపు అనుమానంగా చూసి, మిగతా సామాను గబగబా సంచిలో వేశాడు. నా వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు కాబట్టి అక్కడ వివరించలేదు. ఇక్కడ వివరిస్తాను.

పేరు రాయను. బతికున్నన్నాళ్ళూ ఫొటోలో చివర నిలబడిన మనిషి, పేరు రాస్తే పరలోకం నుంచైనా ఫోన్ చేసి తిడుతుంది. రాష్ట్రం పేరు కూడా రాయను. మొక్కజొన్న, సోయాబీన్ తప్ప కంటికింకేమీ ఆనని రాష్ట్రాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వాటిల్లో ఒకటనుకోండి. ఆవిడది గుంటూరు వైపు పాత కథోలిక కుటుంబం. ఇక్కడి ఆసుపత్రిలో ప్రసూతి వార్డు నర్సుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైంది. భర్త లేడు. మేమందరం ఆంటీ అనేవాళ్ళం, మా పిల్లలు అమ్మమ్మ అనేవాళ్ళు.

నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళింది గిన్నె తిరిగివ్వడానికి. చర్చిలో నెలకోసారి జరిగే తెలుగు పూజ తర్వాత భోజనాల్లో మిగిలిన పులిహోర మాకు కట్టిచ్చింది. నా భార్య నిర్మల గిన్నె కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని అందులో నాలుగు అరిసెలు పెట్టి పంపింది. పదకొండున్నర, నా లంచ్ బ్రేక్. తలుపు తీసి ఉంది. ఆంటీ వంటింట్లో స్టవ్ ముందు నిలబడి, నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుని, కుర్చీ చూపించింది. స్టవ్ మీద కుక్కరు. పక్కన గట్టు మీద స్పీకర్లో పెట్టిన ఫోను. అటువైపు సంగీతం వస్తోంది, హోల్డ్‌లో పెట్టారన్నమాట. ఇంతలో కుక్కరు మొదటి విజిల్ వేసింది. సరిగ్గా అప్పుడే అవతల ఒకామె లైన్లోకి వచ్చింది.

"గుడ్ మార్నింగ్ డెబ్బీ" అని మొదలుపెట్టింది ఆంటీ, గుంటూరు యాస ఎక్కడా తగ్గించని ఇంగ్లీషులో. "నేను మీ నియోజకవర్గంలో ఉంటాను. జైల్లో ఉన్న ఆడమనిషికి కాన్పు వస్తే, ఆ కాసేపు గొలుసు తియ్యాలి. మీ అయ్యగారి కమిటీలో ఆ బిల్లుంది, దాన్ని విచారణకి పెట్టమని చెప్పు."

అంతే. మూడు ముక్కలు. రెండో విజిల్ వచ్చింది. అప్పుడు గొంతు మార్చి, "మోకాలు ఎలా ఉంది? ఐస్ పెడుతున్నావా?" అని అడిగింది. డెబ్బీ తన మోకాలి గురించి ఏదో చెప్పింది. మూడో విజిల్. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ" అని ఫోను పెట్టేసి, అదే చేత్తో స్టవ్ కట్టేసింది. నావైపు తిరిగి, "అరిసెలా? మీ ఖమ్మం వాళ్ళు నువ్వులు ఎక్కువేస్తారే" అంది.

అది రోజూ జరిగే తంతు. శని, ఆదివారాలు తప్ప, పదకొండున్నరకి. రాష్ట్ర చట్టసభలో మా జిల్లా ప్రతినిధి ఆఫీసులో ఫోనెత్తే డెబ్బీ దగ్గర ఆవిడ పేరు వేరే ఏదో రాసి ఉండేదట, విజిల్ లేడీ అని. మొదట్లో వాళ్ళు పోలీసు విజిల్ అనుకున్నారు. తర్వాత రైలనుకున్నారు. అడగడం మర్యాద కాదని ఊరుకున్నారు.

దీనికి మూలం చాలా పాతది. వాళ్ళమ్మ పూట పూటా బియ్యం కొలిచాక, ఎసట్లో పొయ్యకముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేదట. ఆదివారం ఆ కుండ గుడికి, అంటే చర్చికి వెళ్ళేది. పిడికెడు బియ్యం అంటే మా తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఆంటీ అమెరికా వచ్చిన కొత్తలో కూడా అలాగే తీసి, నెలాఖరుకి జిప్‌లాక్ సంచిలో పోసుకుని చర్చికి పట్టుకెళ్ళి, కానుకల బుట్టలో పెట్టిందట. బుట్ట పట్టుకున్న తెల్లాయన ఆ సంచిని పైకెత్తి చూసి, ఎవరో మార్కెట్ సంచి మర్చిపోయారనుకుని, పూజయ్యాక మైకులో అనౌన్స్ చేయించాడు. ఆ సంగతి చెప్పి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేది. ఆ తర్వాత బియ్యం, నన్స్ నడిపే తల్లీబిడ్డల ఆశ్రమానికి ఇవ్వడం మొదలుపెట్టింది. "కానీ అబ్బాయ్, బియ్యం ఇక్కడ ఎవడికి లోటు? ఈ దేశంలో లోటున్నది టైముకి. అందుకని అన్నం ఉడికే టైము కూడా ఒక పిడికెడు తీసి పక్కన పెట్టా" అంది.

ఆవిడకి గడియారంతో పెద్దగా పని లేదు. చిన్న పనులు విజిళ్ళలో, పెద్ద దూరాలు, ఒక్కోటి ఇరవై నిమిషాలు పట్టే జపమాలల్లో కొలిచేది. మా ఊరి నుంచి రాష్ట్ర రాజధాని ఏడు జపమాలలు, మధ్యలో ఒక కాఫీ. ఎనభై మైళ్ళ స్పీడ్‌లో అందరూ పోయే హైవే మీద పాత కరోలాలో యాభై ఐదు దాటేది కాదు. వెనకాల ట్రక్కులు హారన్ కొడితే, "పాపం, వాడికి ఏ తొందరో" అని వాడి పేర ఒక మంగళవార్త జపం కలిపేది.

ఇంకో అలవాటు. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ మణికట్టు పట్టుకునేది. నర్సు వేళ్ళు కదా, పట్టుకుంటే నాడి మీదే పడేవి. మనం ఏదో కబుర్లు చెప్తూ ఉంటాం, ఆవిడ వింటూనే లోపల లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. అబద్ధమాడితే దొరికిపోయేవాళ్ళం. "నిన్న పూజకి ఎందుకు రాలేదురా?" "ఆఫీస్‌లో రిలీజ్ ఉంది ఆంటీ." "రిలీజ్‌కి నాడి ఇంత కొట్టుకోదే. పడుకున్నానని చెప్పు."

ఎన్నికలప్పుడు మా వీధిలో అందరి గడ్డి మీదా ఏదో ఒక పార్టీ బోర్డు లేచేది. ఆవిడ ఇంటి ముందు ఏదీ ఉండేది కాదు. రెండు పార్టీల వాళ్ళూ వచ్చి తలుపు కొట్టేవాళ్ళు, ఇద్దరికీ టీ ఇచ్చేది, ఇద్దర్నీ ఉతికి ఆరేసేది. పుట్టని బిడ్డని పట్టించుకోరని వీళ్ళని, పుట్టిన బిడ్డని పట్టించుకోరని వాళ్ళని. "సువార్త ఇద్దరూ చెరి సగం చదివారు. ఒక గదిలో కూర్చోబెడితే పుస్తకం పూర్తవుద్ది" అనేది.

మా సంగతికొస్తే మేము అసలే సగమూ చదవలేదు. వీసాల మీద ఉన్నవాళ్ళం, గ్రీన్ కార్డు క్యూలో నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నవాళ్ళం. రాజకీయం అనగానే నేను చేతులు జేబుల్లో పెట్టుకునేవాణ్ణి. "మనకెందుకు ఆంటీ, ఓటు కూడా లేదు" అంటే, "ఓటు లేదు సరే, నోరు లేదా? అన్నం తినడానికొక్కటే ఇచ్చాడా దేవుడు?" అనేది. చర్చి లాయరుని కనుక్కుని వచ్చి మరీ చెప్పింది, వీసా వాళ్ళు చట్టసభలో సాక్ష్యం చెప్పడంలో తప్పేమీ లేదని. నేను తలూపాను. జేబుల్లోంచి చేతులు మాత్రం తియ్యలేదు.

ఆ బిల్లు సంగతి కొంచెం చెప్పాలి. మా రాష్ట్రంలో జైల్లో ఉన్న గర్భిణిని కాన్పుకి ఆసుపత్రికి తీసుకొస్తే, ఒక కాలు మంచానికి గొలుసుతో కట్టాలా వద్దా అన్నది ఆయా జైళ్ళ ఇష్టం. చాలా జైళ్ళు కట్టేవి. ఎవరూ క్రూరులై కాదు, ఎప్పటి నుంచో అలా చేస్తున్నారు కాబట్టి. అది కూడదని కథోలిక మేత్రాణుల, అంటే బిషప్పుల తరఫున చట్టసభలో పనిచేసేవాళ్ళు ఒక బిల్లు పెట్టించారు. కమిటీ చైర్మన్ మా జిల్లా ప్రతినిధే, సోయాబీన్ రైతు, నిలువెత్తు మనిషి. జైళ్ళు నడిపే షెరీఫులు వద్దన్నారని దాన్ని రెండు సమావేశాల పాటు అసలు విచారణకే పెట్టలేదు. సమావేశాలు ముగిస్తే బిల్లు చచ్చినట్టే. మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి. ఆంటీ మూడో ఏడు కూడా ఫోన్లు చేస్తోంది. అప్పటికే డెబ్బయి నాలుగేళ్ళు. గుండెకి స్టెంటు వేశారు. "నేనుండగా అవ్వాలిరా" అనేది. అది తప్ప ఆవిడ తనకంటూ ఏదీ అడగ్గా నేను వినలేదు.

మా చర్చిలో రెస్పెక్ట్ లైఫ్ కమిటీ ఒకటుంది, కడుపులో బిడ్డ ప్రాణం కోసం ప్రార్థనలు, ర్యాలీలు చేసే కమిటీ. అందులో మన తెలుగు పెద్దాయన ఒకరు, చాలా భక్తిపరుడు. ఒక మీటింగులో ఆయన లేచి, "అమ్మా, నేరాలు చేసినవాళ్ళ సంగతి మన కమిటీలోకి ఎందుకు? మనది పుట్టబోయే బిడ్డల కమిటీ" అన్నాడు.

ఆంటీ కూర్చున్న చోటు నుంచే, "ఆ గొలుసు కట్టిన మంచం మీద జరిగేదేంది అన్నా? పుట్టబోయే బిడ్డ పుట్టడమే గదా. కడుపు ఎవరిదో చూసి ప్రార్థన చేస్తామా?" అంది.

ఆయన ఆవిడ ముందున్న విన్నపం కాగితం తన వైపు లాక్కుని, "సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి" అన్నాడు. మంచి మనిషి.

మూడో ఏడు మార్చిలో డెబ్బీయే ఎదురు ఫోన్ చేసింది. బిల్లు విచారణకి పెట్టారు, వచ్చే గురువారం. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఆన్‌లైన్‌లో అందరూ ఒక ఫారం నింపాలంట. బిల్లుకి అనుకూలమా, వ్యతిరేకమా అని. నీకు కంప్యూటర్లు వచ్చు గదా, మనోళ్ళకి సులువుగా చేసి పెట్టు" అంది.

నాకు వచ్చు. అదే కొంప ముంచింది. అన్నీ ముందే నింపి ఉన్న లింకు ఒకటి తయారుచేశాను. మనవాళ్ళు పేరు, ఊరు రాసి బటన్ నొక్కితే చాలు. ఫారం పైన బిల్లు శీర్షిక ఉంది, "గర్భిణీ ఖైదీలకు సంకెళ్ళ విషయమై" అన్నట్టుగా. సంకెళ్ళా? సంకెళ్ళకి మనం వ్యతిరేకం. వ్యతిరేకం అన్న గడిలో టిక్ పెట్టాను. ఆఫీసులో రెండు లైన్ల కోడ్ మార్చినా నలుగురు చూస్తే గానీ బయటికి వదలని మనిషిని, దాన్ని మాత్రం ఎవరికీ చూపించకుండా తెలుగు కథోలికుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. కింద బోల్డ్ అక్షరాల్లో, "పేరు రాసి సబ్మిట్ కొట్టండి. ఇంకేమీ మార్చవద్దు" అని కూడా రాశాను.

మా గ్రూపులో చెప్పిన మాట ఇంత శ్రద్ధగా వింటారని అప్పటిదాకా తెలియదు. గంటలో నలభై మూడు మంది సబ్మిట్ కొట్టారు. ఒక్కరూ ఏమీ మార్చలేదు. నేను మాత్రం కొట్టలేదు. వీసా కదా, నా పేరెందుకు.

గురువారం పొద్దున వ్యాన్‌లో పదకొండు మందిమి బయల్దేరాం. ఏడు జపమాలలు, ఒక కాఫీ. చట్టసభ భవనం గుమ్మటం కింద నిలబడి ఆంటీ బూట్ల తాళ్ళు బిగించుకుంది. గదిలో చెక్క బెంచీలు, ఎదురుగా ఎత్తు మీద అర్ధచంద్రంగా సభ్యులు, మధ్యలో చైర్మన్. ముందు షెరీఫుల తరఫున ఒకాయన మాట్లాడాడు. మర్యాదస్తుడే. ఖైదీలు పారిపోతే బాధ్యత ఎవరిది అన్నాడు. తర్వాత ఆంటీని పిలిచారు. రెండు నిమిషాలు సమయం.

రెండు నిమిషాలంటే మొదటి విజిల్ నుంచి మూడో విజిల్ దాకా. ఆవిడ చేతిలో కాగితం లేదు.

"నేను ప్రసూతి వార్డు నర్సుని" అంది. "ఈ దేశానికి వచ్చిన మూడో ఏట మా వార్డుకి జైలు నుంచి ఒకమ్మాయిని తీసుకొచ్చారు. ఇరవయ్యేళ్ళుంటాయి. కుడికాలు మంచానికి కట్టి ఉంది. నొప్పి వచ్చినప్పుడు ఏ తల్లయినా కాళ్ళు ముడుచుకుంటుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ అమ్మాయి ఎడమకాలు ముడుచుకునేది. కుడికాలు సగం దాకా వచ్చి ఆగిపోయేది. గొలుసు చప్పుడయ్యేది. తొమ్మిది గంటలు ఆ చప్పుడు విన్నాను. తాళంచెవి గుమ్మం దగ్గర కూర్చున్న గార్డు జేబులో ఉంది. నాకూ అతనికీ మధ్య నాలుగడుగులు. తియ్యండి అని నేను ఒక్క మాట అడగలేదు. నేను వీసా మీద ఉన్నాను. ఎదురు మాట్లాడితే ఉద్యోగం పోతుంది, ఇంటికి పంపేస్తారు అనుకున్నాను. గార్డు చెడ్డవాడేమీ కాదు. అడిగితే తీసేవాడేమో. అడగలేదు కాబట్టి అది నాకు ఎప్పటికీ తెలియదు. అయ్యా, ఇప్పుడు తాళంచెవి మీ దగ్గరుంది. అడుగుతున్నాను."

ఇన్నేళ్ళల్లో ఈ సంగతి ఆవిడ మాలో ఎవరికీ చెప్పలేదు. వీసా అన్న మాట దగ్గర నా చేతులు జేబుల్లో ఉన్నాయని నాకే తెలిసింది. సిగ్గేసింది. ఓటు లేకపోతే నోరు లేదా అని నన్ను దెప్పినప్పుడల్లా ఆవిడ దెప్పుకున్నది తనని.

చైర్మన్ గొంతు సవరించుకుని, ముందున్న కాగితాలు తిప్పాడు. "మేడం, మీ మాట విన్నాను. కానీ ఒకటి అర్థం కావడం లేదు. మీ ఊరి నుంచి, మీ చర్చి నుంచే నలభై మూడు ఫారాలొచ్చాయి. నలభై మూడూ ఈ బిల్లుకి వ్యతిరేకం. మీవాళ్ళనే ఒప్పించలేకపోయారా?"

నేను ఫోన్ తీసి ఆ లింకు తెరిచి చూశాను. ఆంటీ వెనక్కి తిరిగింది. మిగతా పది మంది మొహాలూ వరసగా చూసి, నా దగ్గర ఆగింది. "ఒక్క నిమిషం సార్" అని చైర్మన్‌కి చెప్పి, లేచి, బెంచీల మధ్య నుంచి నా దగ్గరికి నడిచొచ్చింది. సభ మొత్తం చూస్తోంది. నా మణికట్టు పట్టుకుంది.

"ఏం జేశావురా?"

"సంకెళ్ళకి వ్యతిరేకం అనుకుని టిక్ పెట్టిన ఆంటీ. బిల్లుకి వ్యతిరేకం అయిపోయింది. అందరికీ అదే లింకు పంపిన."

తిడుతుందనుకున్నాను. వేళ్ళు నాడి మీదే ఉంచి, రెండు క్షణాలు లెక్కపెట్టింది. "నూట ఇరవై కొడతంది. బతికే ఉన్నావు. పోయి చెప్పు."

"ఆంటీ, నా వీసా..."

"నాలుగడుగులేరా" అంది, మైకు వైపు చూపిస్తూ.

వెళ్ళాను. నా కాళ్ళే నన్ను తీసుకెళ్ళాయి, నా ప్రమేయం లేదు. మైకు ముందు కూర్చుని పేరు చెప్పాను. "నాకు ఇక్కడ ఓటు లేదు సార్, నేను వర్క్ వీసా మీద ఉన్నాను. ఆ ఫారం లింకు తయారుచేసింది నేను. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. తప్పు గడిలో టిక్ పెట్టి, ఇంకేమీ మార్చవద్దని రాశాను. వాళ్ళు మార్చలేదు. ఆ నలభై మూడు మందీ బిల్లుకి అనుకూలం. నేను భయపడి నా ఫారం పంపలేదు. నన్ను కలుపుకుంటే నలభై నాలుగు."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గదంతా నవ్వింది. చైర్మన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అంటే ఇది సాఫ్ట్‌వేర్ బగ్ అంటారు" అన్నాడు.

"అవును సార్. నాదే."

"ఈరోజే ఫిక్స్ చెయ్యండి." మళ్ళీ షెరీఫుల ఆయన వైపు తిరిగి, "మీరు చాలా కాలంగా సర్వీసులో ఉన్నారు. మీకు తెలిసి, కాన్పు మధ్యలో లేచి పారిపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఆయన నిజాయితీపరుడు. "నాకు తెలిసి లేరు సార్" అన్నాడు. గార్డు గది బయట తలుపు దగ్గర ఉంటే సరిపోతుందా అని చైర్మన్ అడిగితే, సరిపోతుందేమోనన్నాడు.

ఓటింగు మొదలవబోతూ ఉండగా చైర్మన్ చెయ్యెత్తి ఆపాడు. "రికార్డు కోసం ఇంకొక్క ప్రశ్న. మేడం, మూడేళ్ళుగా మీరు మా ఆఫీసుకి ఫోన్ చేస్తున్నారు. వెనకాల ఒక విజిల్ వస్తుంది. మా ఆఫీసులో అందరం పందేలు కాశాం. అదేమిటి?"

ఆంటీ నిలబడే సమాధానం చెప్పింది. "అన్నం సార్. మూడు విజిళ్ళకి ఉడుకుతుంది. మీ బిల్లు ఒక్కటే మూడేళ్ళైనా ఉడకట్లేదు."

ఈసారి ముందుగా నవ్వింది ఆయనే. కమిటీలో ఒక్కరు తప్ప అందరూ అనుకూలంగా ఓటేశారు. రెండు పార్టీల వాళ్ళూ. బయట వరండాలో మా పెద్దాయన, ఆ రెస్పెక్ట్ లైఫ్ కమిటీ ఆయన, ఆంటీ కాళ్ళకి వంగి దణ్ణం పెట్టబోతే, "ఏంది అన్నా, పునీతురాలిని చేస్తావా ఏంది బతికుండగానే" అని తప్పుకుంది. వ్యాన్‌లో తిరిగొచ్చేప్పుడు జపమాల లేదు. పాటలే. పాస్కా పండగ, అదే ఈస్టర్, ఇంకా మూడు వారాలుంది, దాని ముందు ఉపవాసాల తపస్సు కాలంలో అల్లెలూయ పాడకూడదు. అయినా పాడాం. ఆంటీయే ఎత్తుకుంది.

నేను ఆ సాయంత్రమే నలభై మూడు ఫారాలూ సరిచేయించాను. నలభై నాలుగోది నా పేరుతో పంపాను. దానివల్ల నా వీసాకి ఏమీ కాలేదు. ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎవరైనా జేబుల్లో చేతులు పెట్టుకుని చదువుతుంటే వాళ్ళ కోసం.

బిల్లు రెండు సభలూ దాటింది. గవర్నర్ సంతకం రోజు ఆంటీని కూడా పిలిచారు. ఫొటోలో చివర నిలబడితే సగమే పడింది. తిరిగొచ్చాక విశేషాలడిగితే, "కరచాలనం చేసినప్పుడు చూశా, నాడి బాగానే ఉంది ఆయనకి" అని మాత్రం చెప్పింది. మర్నాడు పదకొండున్నరకి మళ్ళీ కుక్కరు పెట్టి డెబ్బీకి ఫోన్ చేసింది. "అయిపోయింది కదా మేడం!" అని డెబ్బీ అంటే, "చట్టం అయింది. మంచం దగ్గరికి వెళ్ళిందా లేదా ఇంకా తెలీదు" అందట.

ఆ మూడు లీటర్ల కుక్కరు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. పోయేముందు ఆసుపత్రి మంచం మీద నుంచి నిర్మలకి అప్పగించింది, ఎక్కువ నీళ్ళు పొయ్యొద్దని జాగ్రత్తలు చెప్పి మరీ. బాలింతలకి ఏడాది పాటు వైద్యం ఖర్చు రాష్ట్రమే పెట్టుకోవాలని ఇంకో బిల్లు కమిటీలో ఉంది. నేను రోజూ లంచ్ బ్రేక్‌లో ఆ కుక్కరు పెట్టి డెబ్బీకి ఫోన్ చేస్తాను. మొదటి రోజు విజిల్ వినపడగానే డెబ్బీ, "మేడం?" అంది. పోయిన వారం, "మీ గాస్కెట్ కొంచెం లీకవుతున్నట్టుంది" అంది. శనివారం స్టోర్‌కి వెళ్ళింది అందుకే.

కానీ ఆంటీ అనగానే నా కళ్ళముందు కదిలేది చట్టసభ కాదు. చట్టం వచ్చిన ఆరు నెలలకి ఒక మధ్యాహ్నం. ఆంటీ వై-ఫై పని చెయ్యట్లేదంటే చూడ్డానికి వెళ్ళాను. నేను రౌటర్ తీగలు సర్దుతున్నాను, ఆవిడ బియ్యం కడిగి కుక్కరు పెట్టింది. ఫోన్ మోగింది. తను పనిచేసిన వార్డు నుంచి, ఇంకా సర్వీసులో ఉన్న పాత స్నేహితురాలు. అలవాటుగా స్పీకర్లో పెట్టింది. పేరూ ఊరూ చెప్పకుండా ఆమె ఒక్క సంగతే చెప్పింది. పొద్దున జైలు నుంచి ఒకమ్మాయి కాన్పుకి వచ్చింది. గార్డు బయటే కూర్చున్నాడు. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం.

ఆంటీ బిడ్డ బరువు అడగలేదు. నర్సులు మొదట అడిగేది అదే. స్టవ్ గట్టు రెండు చేతులతో పట్టుకుని, "నొప్పులప్పుడు కాళ్ళు ముడుచుకుందా?" అని అడిగింది.

"ముడుచుకుంది."

"రెండూనా?"

"రెండూ."

ఫోను పెట్టేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వచ్చి సోఫాలో కూర్చుంది. బూట్లు విప్పి పక్కన పెట్టింది. చిన్నపిల్ల లాగా రెండు కాళ్ళూ పైకి తీసుకుని, మోకాళ్ళు గుండెకి ఆనించుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు చూడలేదు. మొదటి విజిల్ వచ్చింది. రెండోది వచ్చింది. ఆవిడ ఫోన్ వైపు చూడలేదు.

మూడో విజిల్ కూడా వచ్చింది. ఎవరు ఎంత పెద్దవాళ్ళు ఎదురుగా ఉన్నా, మూడో విజిల్‌కి తనే లేచి స్టవ్ కట్టే మనిషి, ఆ రోజు కదల్లేదు.

"నువ్వు కట్టెయ్యరా" అంది. "నా అన్నం ఉడికింది."